గుడి మార్చుకున్న ఏటితల్లి

మా ఇంట్లో దేవుళ్ళు రెండు రకాలు. గూట్లో పటాల్లో ఉండేవాళ్ళు ఒక రకం, మా ఆయన నోట్లో పుట్టేవాళ్ళు ఇంకో రకం. పటాల్లోవాళ్ళు బుద్ధిగా ఎక్కడ పెడితే అక్కడే ఉండేవారు. మా ఆయన దేవుళ్ళకు మాత్రం నిలకడ లేదు. ఒక ఆదివారం చెప్పిన మాట ఇంకో ఆదివారానికి మారిపోయేది.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. పెళ్ళై హోసూరుకు కాపురానికి వచ్చాను. మా ఆయన ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేసేవాడు. డిప్లొమా చదివే రోజుల్లో బెంగళూరులో ఎవరో స్నేహితుల గదిలో ఒక ఆట నేర్చుకున్నాడట. ఆ ఆటకు బోర్డు ఉండదు, పావులుండవు. ఒకరు కథ చెప్తారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "నీ ముందు గుహ ఉండాది, ఏం చేస్తావు?" అని కథ చెప్పే మనిషి అడిగితే, మనం ఏం చేస్తామో చెప్పాలి. చేసింది పారిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ కథలోని రాజ్యాలు, రాక్షసులు, దేవుళ్ళు అన్నీ చెప్పే మనిషి సొంత కల్పనే. ఆటకు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు ఉంటాయట గానీ మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా టూల్‌రూములో మిగిలిన ఇత్తడి ముక్కను అరగదీసి ఆయన చేసుకున్న ఎనిమిది ముఖాల పాచిక.

మామూలుగా మా ఆయన మాట్లాడే మనిషి కాదు. కూర బాగుందా అని అడిగితే తల ఊపేవాడు. ఆ ఊపు బాగుందనా, లేదనా అన్నది తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం రాగిముద్ద తిని, చాప పరిచి, ఆ పాచిక చేతిలోకి తీసుకున్నాడంటే ఇక ఆపడం ఎవరి తరం కాదు. మంచుకొండలు, అడవులు, యుద్ధాలు అన్నీ ఆ నోట్లోంచి వచ్చేవి. ఈ మాటల్లో పిసరంతైనా వారం రోజులకు దాచి పెట్టకూడదా అని నాకు ఒళ్ళు మండేది. వినడం మాత్రం మానలేదు.

ఆడేది మేము ముగ్గురం. కథ చెప్పడానికి మా ఆయన. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, కృష్ణగిరిలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేసేవాడు. ఆటలో కత్తి పట్టిన వీరుడు. మూడో మనిషిని నేను.

"నువ్వేమౌతావు వదినా? మంత్రగత్తె ఔతావా, రాణి ఔతావా?" అని మొదటి రోజు మరిది అడిగాడు.

"గొర్రెలు కాసేదాన్ని ఔతాను," అన్నాను.

"గొర్రెలు కాసుకుంటా రాక్షసుల్ని యాడ చంపుతావు?"

"నేనేం చంపను. వాళ్ళకీ పొలాలుంటాయి కదా. నా మంద ఎరువుండాది, దాంతో బేరం చేస్తాను."

నేను కల్లావి అనే ఊరి పక్క పిల్లని. మా నాయన గొర్రెలు మేపి మమ్మల్ని పెంచాడు. రాణులు ఏం తింటారో, ఎట్లా నడుస్తారో నాకేం తెలుసు? గొర్రెలంటే తెలుసు. చెప్పినట్టే ఒక రాక్షసుడి చేలో రాత్రికి మంద కట్టి, ఆ ఎరువుకు బదులుగా అడవి దాటే దారి అడిగి తీసుకున్నాను. మరిది కత్తి దూసుకుని ఊరికే నిలబడ్డాడు. వాడికి ఆ కోపం చాలా ఆదివారాలు ఉండింది.

మా అత్త ఆడేది కాదు. గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తూ వినేది. దేవుళ్ళతో ఆటలేమిటని మొదట్లో సణిగింది గానీ, తర్వాత ఆవిడే ఎక్కువ చెవి పెట్టేది. కొత్త దేవుడి పేరు వినబడితే చాలు, చేతిలో కాయ ఆపి ఒకే ప్రశ్న అడిగేది.

"ఆ సామికి ఏం పెడతారప్పా?"

ఏమీ పెట్టరంటే ఒప్పుకునేది కాదు. అందుకని మా ఆయన ఒక్కో దేవుడికి ఒక్కో నైవేద్యం అప్పటికప్పుడు పుట్టించేవాడు. ఒకరికి జొన్నపేలాలు, ఒకరికి బెల్లం, నిప్పులయ్య అనే దేవుడికి ఎండుమిరపకాయలు. మళ్ళీ నెల తిరిగేసరికి ఎవరికి ఏం పెట్టాడో ఆయనకే గుర్తుండేది కాదు.

గుర్తుండేది మా మరిదికి. వాడు ఒక్క ముక్క రాసుకునేవాడు కాదు. అంతా బుర్రలోనే. కోర్టు గాలి బాగా తగిలినవాడు కాబట్టి అన్న నోరు జారితే చాలు పట్టుకునేవాడు. చీకటిరాయుడికి ఒక కన్ను లేదని చెప్పి, తర్వాత ఆయన రెండు కళ్ళూ మూసి నిద్రపోయాడన్నందుకు పెద్ద గొడవ. వెన్నెలసామి మాంసం ముట్టడని చెప్పి, మా ఇంట్లో మాంసం వండిన ఆదివారం ఆయన చేత కూడా పొట్టేలు తినిపించినందుకు ఇంకో గొడవ. ఆ గొడవల్లో టీ చల్లారిపోయేది.

ఒకసారి మాత్రం నేను మధ్యలో దూరాను.

"అదెట్లన్నా? పోయిన నెల ఏటితల్లి నిప్పులయ్యకు అక్క అని చెప్పినావు. ఈ పొద్దు అత్త అంటా ఉండావు. అక్క అత్త ఎట్లౌతుంది?" అని మరిది నిలదీశాడు.

మా ఆయన పాచిక వైపు చూస్తూ కూర్చున్నాడు. పాపం, నిజంగానే మర్చిపోయాడు.

"అక్క కూతుర్ని చేసుకునుంటాడు. అప్పుడు అక్కే అత్త కదా," అన్నాను.

గడప దగ్గర మా అత్త నవ్వింది. "మీ నాయనకు మా అమ్మ అట్లనే కదప్పా. అక్కా ఆమే, అత్తా ఆమే," అంది.

మరిది కాసేపు లెక్క వేసుకుని, సరే అన్నాడు. ఆ రోజు మా ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ బాగుంటుంది. పెళ్ళై అన్ని నెలలైనా అంత చనువుగా అంతకు ముందు చూడలేదు.

ఇన్ని మారినా ఒక్కటి మాత్రం మొదటి నుంచి మారలేదు. ఏటితల్లి గుడి మంచుకొండ కొమ్మున, ఏరు పుట్టే చోట ఉంది. నా గొర్రెలకాపరి ఆ గుడికి పోవాలని బయల్దేరిన మనిషి. వీరుడు తోడుగా వస్తున్నాడు. మా ఆటంతా ఆ కొండ ఎక్కడమే.

అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. గాజులు తొడిగి పుట్టింటికి పంపించడానికి రోజు కూడా చూశారు. ఆ రోజు రాకముందే నొప్పులు వచ్చాయి. హోసూరులోనే ఆసుపత్రిలో చేర్చారు. నాకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అనీ, నిలవలేదనీ మా అత్త చెప్పింది. నాకు చూపించవద్దని మా వాళ్ళే అన్నారట. మా ఆయనా, మా మరిదీ తువాలులో చుట్టి ఎత్తుకుని వెళ్ళారు. చీకటి పడకముందే తిరిగి వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. ఇద్దరి కాళ్ళకూ తడిమట్టి ఉంది.

"యాడ పెట్టొచ్చినారు?" అని అడిగాను.

మా ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మా వాళ్ళలో అంత చిన్న బిడ్డను పూడ్చిన చోటు తల్లికి చెప్పరు. చెప్పకూడదు. తెలిస్తే కాలు ఊరికే ఉండదనీ, ఆ చోటికే పోతుందనీ, పోయిన బిడ్డ కొంగు పట్టుకుంటే తర్వాత బిడ్డ నిలవదనీ భయం. మా అత్త ఈ మాట నాకు దాచకుండా చెప్పింది. కొడుకుల చేత ఒట్టు కూడా పెట్టించుకుంది.

"నీ మంచికేనమ్మా. అడగొద్దు," అని నా తల నిమిరింది. ఆవిడ చెడ్డది కాదు. నా కోసం పత్యం వండింది, నా జుట్టు దువ్వింది, నేను ఏడిస్తే పక్కనే కూర్చుంది. ఆ ఒక్క మాట మాత్రం రానివ్వలేదు.

నేను అడగకుండా ఉంటానా? ఇంటికి వచ్చాక రోజూ అడిగాను. అన్నం పెడుతూ అడిగాను, బట్టలు మడుస్తూ అడిగాను. మా ఆయన ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "అమ్మకు మాటిచ్చినాను," అన్నాడు. ఆయన మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. కథలో దేవుళ్ళను ఎన్నిసార్లయినా మార్చేవాడు గానీ, బయట ఇచ్చిన మాట మార్చడం ఆయనకు చేతకాదు. నాకు అది తెలుసు, తెలిసే మరింత కోపం వచ్చింది. ఆయనతో మాట్లాడటం మానేశాను.

నాకు కావలసింది ఒక్కటే. నా బిడ్డ ఎక్కడుందో తెలియాలి. తవ్వి తెచ్చుకుంటానా? పొద్దున లేచి దానికి దణ్ణం పెట్టుకోవాలంటే ఎటు తిరగాలో తెలిసేది కాదు. ఒక రోజు కిటికీ వైపు తిరిగేదాన్ని, ఒక రోజు వీధి తలుపు వైపు. రెండూ తప్పేమోనని రోజంతా మనసు పీకుతూ ఉండేది.

అట్లా కొన్ని నెలలు గడిచాయి. మరిది శనివారాలు వస్తూనే ఉన్నాడు గానీ నా మొహం చూసేవాడు కాదు. చాప మడత పెట్టినట్టే గోడకు ఆని ఉంది.

ఒక ఆదివారం భోజనాలయ్యాక మా ఆయనే ఆ చాప పరిచాడు. "ఆడదాము," అన్నాడు. నాకు ఆడాలని లేదు. వద్దనడానికి కూడా ఆయనతో మాట్లాడాలి కదా, అందుకని వచ్చి కూర్చున్నాను. మా అత్త గడప దగ్గర అనపకాయల చాట పెట్టుకుంది.

మా ఆయన పాచిక గుప్పిట్లో పెట్టుకున్నాడు. వేయలేదు.

"గొర్రెలు కాసే ఆమె కొండదారిలో ఉండాది," అని మొదలుపెట్టాడు. "ఆడ ఒక ముసలాయన ఎదురొచ్చినాడు. అమ్మా, నువ్వు పైకి పోతా ఉండావు, ఏటితల్లి గుడి పైన లేదు, కింద ఉండాది అన్నాడు."

మరిది ఎగిరిపడ్డాడు. "అదెట్లన్నా? మొదటి రోజు నుంచి కొండ మీదనే అని చెప్తా ఉండావు. ఇన్నాళ్ళూ మేము ఎక్కింది దేనికి? ఆ ఒక్కటన్నా మార్చకుండా ఉండరాదా?"

మా ఆయన వాడి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. చాప అంచు చూస్తూ చెప్పుకుంటూ పోయాడు.

"కింద ఏటికి అడ్డంగా పొడుగు గోడ ఉండాది. గోడకు ఇనప తలుపులు. తలుపులెత్తితే నీళ్ళు తెల్లగా నురగ కక్కుతా దూకుతాయి. నురగ గాలికి లేచి దారిలో పోయేవాళ్ళ మీద పడుతుంది."

"ఏట్లో నురగేందన్నా..." అన్నాడు మరిది, అని అక్కడితో ఆగిపోయాడు.

హోసూరు చుట్టుపక్కల అట్లా నురగ పొంగే చోటు ఏదో మా అందరికీ తెలుసు. కెలవరపల్లి డ్యాము తలుపుల కింద. ఆ రోజు వాళ్ళ కాళ్ళకు తడిమట్టి ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

"తలుపులు దాటి ఏటి వెంబడి కిందికి పోతే గొర్రెలోళ్ళు మందకు నీళ్ళు తాపే రేవు వస్తుంది," అన్నాడు మా ఆయన. "రేవు పక్కన రెండు కానుగ చెట్లు. వాటి నడాన ఒక నల్లరాతి గుండు, పైన సమంగా, మనిషి కూచునేంత. గుండుకు తూర్పు పక్క నీడ పడే తావులో ఏటితల్లి ఉండాది. గోపురం లేదు, పూజారి లేడు. అదే గుడి."

ఆయన నాకు చెప్పలేదు. అమ్మకు ఇచ్చిన మాట తప్పలేదు. కథలోని గొర్రెలకాపరికి కథలోని ముసలాయన చేత చెప్పించాడు. అన్ని నెలలు ఆ మాట మోసుకుని తిరిగి, దాన్ని దించడానికి ఆయనకు తోచిన దారి అది. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఈ మూగవాణ్ణి నేను ప్రేమిస్తున్నానని ఆ చాప మీద కూర్చునే తెలుసుకున్నాను.

మరిది తల దించుకుని కూర్చున్నాడు. గుండు పక్క ఆ మట్టి తవ్విన చేతుల్లో వాడివీ ఉన్నాయి.

"నేనే మర్చిపోయినానన్నా," అన్నాడు. "గుడి మొదటి నుంచి ఆడనే ఉండేది. నువ్వు సరిగ్గానే చెప్పినావు."

వాడు ఏదైనా మర్చిపోయానని అనగా నేను విన్నది అప్పుడే.

గడప దగ్గర కాయలు ఒలిచే చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు. మా అత్తకు అర్థమైంది. ఇప్పుడు కొడుకును తిడుతుందేమో అనుకున్నాను. చాటలో కాయలను వేళ్ళతో కెలుకుతూ ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఆ తల్లికి ఏం పెడతారప్పా?"

ఎండుమిరపకాయలైనా, జొన్నపేలాలైనా చిటికెలో పుట్టించే మనిషి నోరు పెగల్లేదు. మా అత్తే చెప్పింది.

"పాలు పోస్తారు. చిన్నదానికి పాలే కదా."

"ఆడ ఒంటిగా ఉండాదా?" అని అడిగాను. ఎన్నో రోజుల తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"లేదు," అన్నాడు. ఈసారి నా వైపు చూశాడు. "దినమూ గొర్రెలు వస్తాయి. పిల్లోళ్ళు వచ్చి ఈత కొడతారు. ఒంటిగా లేదు."

మర్నాడు మా ఆయన డ్యూటీకి పోయాక మా అత్త పాలు కాచి, చల్లార్చి, సీసాలో పోసి మూత బిగించింది. "బస్సు యాడ దిగాలో నీకు తెలీదు, నేనూ వస్తాను," అంది. ఇద్దరం కెలవరపల్లి దగ్గర దిగి నడిచాం. డ్యాము తలుపుల దగ్గర ఆవిడ కొంగు తలమీద కప్పుకుంది. నురగ మా చీరల మీద పడింది. రేవు, చెట్లు, గుండు, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. గట్టు మీద కొన్ని గొర్రెలు కూడా మేస్తున్నాయి. గుండుకు తూర్పు పక్క కూర్చుని నేల మీద చెయ్యి పెట్టాను. మట్టి వెచ్చగా ఉంది. దాంతో ఏం మాట్లాడానో ఇక్కడ చెప్పను, అది నాకూ దానికీ మధ్య మాట. బాగా ఏడ్చాను. తర్వాత పాలు పోశాను.

సగం పోసేసరికి మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మిగిలింది నాకియ్యమ్మా," అంది. "నా మొదటిదాన్ని యాడ పెట్టినారో నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. నువ్వడిగినావు."

సీసా తీసుకుని నీళ్ళ అంచుకు దిగింది. అన్నేళ్ళ కిందటి బిడ్డకు ఎటు తిరగాలో ఆవిడకూ తెలియదు. ఏట్లో పోస్తే ఎక్కడున్నా చేరుతుందని పోసింది. పాలు నురగలో కలిసి పోతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. తిరుగు బస్సులో ఆవిడ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

తర్వాత మాకు కూతురు పుట్టింది, నిలిచింది. చోటు తెలిసినందుకు ఏమీ కాలేదు. ఆదివారాల ఆట కూడా ఆగలేదు. చీకటిరాయుడి కన్ను వస్తూ పోతూనే ఉంది, వెన్నెలసామి మాంసం మానుతూ మొదలుపెడుతూనే ఉన్నాడు. మా కూతురికి పాచిక పట్టే వయసు వచ్చాక అది కూడా చాప మీదకు చేరింది. ఒక మధ్యాహ్నం వాళ్ళ నాన్నను అడిగింది.

"నాయనా, ఏటితల్లి గుడి యాడుంది?"

"కింద ఏటికి అడ్డంగా పొడుగు గోడ ఉండాది," అని మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇనప తలుపులు చెప్పాడు, నురగ చెప్పాడు. "గొర్రెలోళ్ళ రేవు పక్కన ఒక కానుగ చెట్టు..."

"రెండన్నా," అన్నాడు మా మరిది. అప్పటికి వాడి తల అక్కడక్కడ నెరిసింది. "రెండు చెట్లు, నడాన గుండు. సరిగ్గా చెప్పు. పిల్లకు తెలియాల."

మా ఆయన గోడ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.